తేటపడేదాకా

త్రివేణికి అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే: మూసిన తలుపుల వెనక తాను పడిపోతే, ఏడాదిన్నర కూతురు అదితి తప్ప చూసేవాళ్ళు ఉండరని. భర్త అఖిల్ వారమంతా వేరే ఊళ్ళో క్లయింట్ ఆఫీసులోనే. అమెరికాలోని ఆ నోవైలో మంచు మొదలైతే వీధిలో పిట్ట కూడా కనబడదు. అందుకే రోజూ పొద్దున్నే పాపను చంకనేసుకుని పక్కింటి గరాజ్‌కి వెళ్ళి, మల్లికార్జున్ గారికి కనబడి వచ్చేది.

ఆ రోజు ఆయన అప్పటికే బీరు కోసం మొలకెత్తించిన బార్లీ మాల్ట్ నీళ్ళు మరిగిస్తున్నారు. కార్ల కంపెనీలో బ్రేకులు పరీక్షించి పరీక్షించి రిటైరైన మనిషి. ఆవిరికి మసకబారిన కళ్ళజోడును స్వెటర్ అంచుతో తుడుచుకుంటూ, రెండు పొట్లాల ముందు ఎటూ తేల్చుకోలేక నిలబడ్డారు. ఒకదాంట్లో ఎండిన సముద్రపు నాచు, రెండోదాంట్లో జెలటిన్ పొడి. రెండూ మడ్డిని కిందికి దించేవే.

"ఏది వెయ్యమంటావమ్మాయ్? నాచైతే ఇప్పుడే మరుగులో వెయ్యాలి. జెలటినైతే చివర్లో యాడ్ చేసినా రెండ్రోజుల్లో అద్దంలా తేరుతుంది."

"మరి అదే వేసెయ్యండి అంకుల్."

"ఎముకల్లోంచి తీస్తారే అది! మాంసం ముట్టని మీ ఆంటీ, బీరు కాస్తే ఊరుకుంది గానీ, ఈ పొడి తెచ్చిన రోజు గిన్నెతో సహా నన్ను గరాజ్‌లోకి గెంటింది. అప్పట్నుంచీ ఏదీ వెయ్యక నా బీరు కుడితే. గ్లాసెత్తి చూసి, 'ఏ గేదెకైనా పెట్టండి' అనేది."

త్రివేణి నవ్వింది. కామేశ్వరి ఆంటీ పోయి ఏడాది కావస్తోంది. ఇప్పుడు అడ్డు చెప్పేవాళ్ళెవరూ లేరు. ఆయన జెలటిన్ పొట్లం చింపబోయి, వంటింటి తలుపు వైపు ఒకసారి చూసి, పక్కన పెట్టేశారు. నాచు తీసి మరుగులో వేశారు.

"దీనికి టైమ్ పడుతుంది. జాడీలో పోశాక కదపకూడదు. మీ చిన్న రాక్షసి వచ్చిందంటే ఊపేస్తుంది. తేటపడ్డాక నేనే పిలుస్తా, అప్పటిదాకా రాకండి."

"పిలవడం మర్చిపోతే?"

"ఎందుకు మర్చిపోతాను? ఫస్ట్ గ్లాస్ మీ ఆయనకే!"

త్రివేణి వెళ్ళడం మానేసింది. గరాజ్ మూసే ఉండేది. ఒకసారి ఫోన్ తీసి, తొందరపెట్టినట్టుంటుందని పెట్టేసింది. పాపకు జలుబు, జ్వరం. రోజులు వాటిలోనే పోయాయి.

చెత్త బండి వచ్చిన రోజు సాయంత్రం అందరూ బయట పెట్టిన ఖాళీ డబ్బాలు లోపలికి పోయాయి. ఆయనది రోడ్డు పక్కనే ఉంది. మర్నాడూ అక్కడే. త్రివేణి పరిగెత్తి తలుపు బాదింది, పిలిచింది, పోలీసులకు ఫోన్ చేసింది. వాళ్ళు లోపలికెళ్ళి వచ్చి నెమ్మదిగా చెప్పారు. డబ్బా బయట పెట్టి వచ్చి, బూట్లు విప్పుకుంటూ కుర్చీలోనే పోయారట.

ఇన్నాళ్ళూ తన గురించే భయపడింది గానీ, ఆయన తలుపు వెనకా ఎవరూ లేరన్న సంగతి ఆమెకు తట్టనే లేదు.

మూత మీద జానెడు మంచుతో ఆ డబ్బా ఇంకా అక్కడే ఉంది. మీ వీధిలో అలాంటిదొకటి కనబడితే, పిలిచేదాకా ఆగకండి. వెళ్ళి తలుపు కొట్టండి.