చైర్మన్ యాదగిరి వాటా

మస్కట్‌లో కంపెనీ మూతబడి జలపతి కోరుట్లకు తిరిగొచ్చేసరికి అతని దగ్గర రెండే ఉన్నాయి. మూడు నెలల జీతం బాకీ ఉందని రాసిన కాగితం ఒకటి, బుర్రలో ఒక వ్యాపారం. కాగితం ఎక్కడా చెల్లదని వారంలోనే తేలిపోయింది. వ్యాపారం సంగతి చెప్పడానికి సిరిసిల్లలో ఉన్న అక్క ఉమారాణి దగ్గరికి బస్సెక్కాడు.

ఆరేళ్లు అతను మస్కట్ విమానాశ్రయంలో సామాన్లు మోశాడు. మన వైపు నుంచి వచ్చే అట్టపెట్టెలన్నీ ఒకేలా ఉంటాయి, ఒకేలా తాళ్లతో బిగించి ఉంటాయి. సగం దారిలో చిరిగి తొక్కు పచ్చడి నూనె కారుతుంది. ఎవరి పెట్టె ఏదో తెలియక జనం కొట్లాడుకుంటారు. పెట్టెకు తొడిగే మందపాటి గుడ్డ సంచి కుట్టి, దాని మీద పేరు, ఊరు, ఫోన్ నంబరు పెద్ద అక్షరాలతో రాసిస్తే కొననివాడు ఉండడని జలపతి నమ్మకం. అందుకు అతను ముందే అన్నీ ఆలోచించుకున్నాడు. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ, కోరుట్ల మెయిన్ రోడ్డు మీద అద్దాల తలుపున్న ఆఫీసు, విమానం బొమ్మతో బోర్డు.

ఇప్పటిదాకా ఎన్ని సంచులు అమ్మావని ఉమారాణి అడిగింది. ఒక్కటీ లేదు.

ఆ రోజుల్లో సిరిసిల్లలో గుడ్డ నేసే సాంచెలు, అంటే మరమగ్గాలు, సగం ఆగిపోయి ఉన్నాయి. ఆమె భర్త పరశురాములు పని వెతుక్కుంటూ మగ్గాల ఊరు భివండీ వెళ్లాడు. ఆమె ఇంట్లో లంగాలు కుట్టి బతుకు నెట్టుకొస్తోంది. మిగిలిన గుడ్డతో పన్నెండు సంచులు కుట్టి తమ్ముడి చేతికిచ్చి, ఆఫీసు సంగతి తర్వాత చూద్దాం, ముందు జగిత్యాల బస్టాండులో నిలబడి అమ్మమంది. సాయంత్రానికి పదకొండు అమ్ముడుపోయాయి. పన్నెండోది, మొదటిసారి గల్ఫ్ దేశం పోతూ ఏడుస్తున్న ఒకాయనకు ఊరికే ఇచ్చానని జలపతి గర్వంగా చెప్పాడు. ఉమారాణి ఆ సంచి ధర అతని కూలిలో కోసుకుంది.

తర్వాత ఇద్దరూ జగిత్యాలలో దస్తావేజులు రాసే దేవయ్య దగ్గరికి వెళ్లారు. కంపెనీ పెడితే ఏటా లెక్కల తనిఖీకీ ఫీజులకీ మీ సంపాదన చాలదని, ఇద్దరు మనుషులకు భాగస్వామ్య పత్రం సరిపోతుందని ఆయన చెప్పాడు. సంస్థ పేరిట వేరే బ్యాంకు ఖాతా తెరవాలి. ఎవరైనా మధ్యలో తప్పుకుంటే ఏం తీసుకుపోవాలో నవ్వుతూ ఉన్నప్పుడే రాసుకోవాలి, తిట్టుకునేటప్పుడు కాదు. చివరగా ఇంకో మాట అన్నాడు.

"పైసలిచ్చెటోడు అప్పిచ్చినోడన్న కావాలె, వాటాదారన్న కావాలె. రెండూ ఒక్కడే అయితే మీ నెత్తిమీద కూసుంటడు."

ఉమారాణి ఆ మాట మళ్లీ చెప్పించుకుంది.

గుడ్డకు పెట్టుబడి అవసరం రాలేదు. సిరిసిల్లలో సాంచెలు నడిపించే సేటు గోదాములో అమ్ముడుపోని తానులు పేరుకుపోయి ఉన్నాయి. వాడుకున్న గుడ్డకు వారం వారం డబ్బు కడతానని ఆమె ఒప్పించుకుంది. మందపు గుడ్డ కుట్టే మిషన్లు రెండు కొనడానికే ఎనభై వేలు కావాల్సి వచ్చింది. బ్యాంకువాళ్లు ఆర్నెల్ల వ్యాపారం చూపించమన్నారు. ఇక మిగిలింది యాదగిరి.

యాదగిరి అంటే పరశురాములు అక్క భర్త. ఊరు మల్లాపూర్. ఆ ఏడు పసుపు పంట మంచి ధరకు అమ్మాడు. అంతకుముందు సర్పంచ్ ఎన్నికల్లో పదకొండు ఓట్లతో ఓడిపోయాడు, ఆ పదకొండు మంది ఎవరో ఇంకా వెతుకుతున్నాడు. ఎనభై వేలు ఇస్తానన్నాడు, బదులుగా నూటికి యాభై ఒక్క వంతుల వాటా, చైర్మన్ పదవి కావాలన్నాడు. చేతిలో చిల్లిగవ్వ లేని జలపతి తలూపబోయాడు. ఉమారాణి అతని కాలు తొక్కింది.

ఆమె వాదించలేదు. మీరు కాక చైర్మన్ ఇంకెవరవుతారన్నది. రెండు వందల విజిటింగ్ కార్డులు, ప్రారంభోత్సవం రోజు శాలువా, ఫోటోలో మధ్య కుర్చీ ఖాయం చేసింది. వాటా దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆమె గొంతు జాలిగా మారింది. భాగస్వామ్యంలో నష్టం వస్తే అప్పులవాళ్లు భాగస్తుల ఇళ్ల మీదికి కూడా రావచ్చు, మాకైతే పోయేదేం లేదు, మల్లాపూర్‌లో మీకు రెండంతస్తుల ఇల్లుంది కదా అన్నది. అందులో అబద్ధం ఏమీ లేదు. యాదగిరి వాటా మాట వదిలేసి, ఆ డబ్బు పద్దెనిమిది నెలల అప్పుగా ఇచ్చి, కళ్లజోడు పెట్టుకోకుండానే పత్రం మీద సంతకం చేశాడు.

అతను నిజంగానే పనిచేయడం మొదలుపెట్టడం ఉమారాణి ఊహించలేదు. జేబులో కార్డులతో కోరుట్ల, జగిత్యాల, మెట్‌పల్లిలోని ట్రావెల్ ఆఫీసులన్నీ తిరిగాడు. నెలకు వంద సంచులు దాటవనుకుంటే నాలుగు వందలకు ఆర్డర్లు వచ్చాయి. దాంతోపాటు అజమాయిషీ కూడా వచ్చింది. సంచులు పసుపురంగులో ఉండాలన్నాడు. జలపతి టీకి ఎక్కువసేపు వెళ్తున్నాడన్నాడు. ఒకరోజు సొంతంగా అచ్చేయించుకున్న లెటర్‌హెడ్ మీద జలపతిని పనిలోంచి తీసేస్తున్నట్టు రాసి, కింద సంతకం పెట్టి పంపించాడు.

ఉమారాణి ఆ ఉత్తరం తీసుకుని అందరినీ దేవయ్య దగ్గరికి పిలిపించింది. పత్రం మొదటి నుంచి చివరిదాకా చదివించింది. అందులో భాగస్తులు ఇద్దరే. యాదగిరి పేరు అప్పిచ్చినవాడిగా తప్ప ఎక్కడా లేదు. అతను కేకలు వేస్తాడని, ఆమె సమాధానాలు సిద్ధం చేసుకుని కూర్చుంది. యాదగిరి మాత్రం తాపీగా టీ తాగి గ్లాసు కింద పెట్టాడు.

"సంతకం పెట్టిన తెల్లారే సదివించుకున్న, చెల్లె. చైర్మన్ అంటే కుర్చే తప్ప ఏం లేదని నాకు గప్పుడే ఎర్కైంది."

మరి ఇన్నాళ్లూ ఎందుకు తిరిగావని ఆమె అడిగింది. అతను ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. ఇరవై మూడు ఆఫీసుల నంబర్లున్నాయి. సంచులు సిరిసిల్లలో ఉమారాణి కుట్టిస్తోందని వాళ్లెవరికీ తెలియదు, అవి యాదగిరివే అనుకుంటున్నారు.

"కాయిదం నీ తాన ఉన్నది. గిరాకి నా తాన ఉన్నది. నేను రేపు ఇంకోతాన కుట్టించుకుంటే గీ కాయిదం ఏం జేసుకుంటవ్?"

ఉమారాణికి మొదట ఒళ్లు మండింది. ఆ తర్వాత సిగ్గేసింది, ఇన్ని నెలలూ ఆ గదిలో తెలివైనది తనొక్కతే అనుకున్నందుకు. చివరికి నవ్వొచ్చింది. భర్త భివండీ వెళ్లాక అంత నవ్వు నవ్వడం అదే మొదలు.

బేరం మధ్యాహ్నం దాకా సాగింది. అతను నలభై వంతులన్నాడు, ఆమె పదిహేను దగ్గర మొదలుపెట్టింది. ఇరవై నాలుగు దగ్గర ఇద్దరికీ ఆకలేసింది. ఎనభై వేల అప్పు రద్దయి వాటాకింద మారింది. లాభం వచ్చినా నష్టం వచ్చినా ఇక అతనూ భాగస్తుడే, అతని ఇల్లు కూడా. ఆ ఇరవై మూడు నంబర్లూ సంస్థ పుస్తకంలోకి ఎక్కాలని, ఎవరినైనా తీసేయాలంటే ఇద్దరు భాగస్తుల సంతకాలు ఉండాలని ఉమారాణి రాయించింది. చైర్మన్ అనే మాట కూడా పత్రంలో ఉండాలని యాదగిరి పట్టుబట్టాడు. అలాంటి పదవి భాగస్వామ్యంలో ఉండదని దేవయ్య గొణిగాడు.

"రాయి కాకా," అంది ఉమారాణి. "దానికేం కర్సు?"

ఎండాకాలం వచ్చేసరికి సేటు ఆగిన సాంచెల్లో నాలుగింటిని సంచుల మందపు గుడ్డ నేయడానికి మళ్లీ తిప్పించాడు. పరశురాములు భివండీ నుంచి వచ్చి వాటిలో రెండు నడపడానికి కుదిరాడు. అప్పటిదాకా జీతం తీసుకోకుండా, అందరికీ ఇవ్వగా మిగిలిన డబ్బుతోనే ఇల్లు గడుపుతున్న ఉమారాణి, ఆ నెల జీతాల జాబితాలో జలపతి పేరు కింద తన పేరూ రాసుకుంది, అతనికంటే అయిదు వందలు ఎక్కువ వేసి.