ఏడో మేకు మీది బిళ్ళ

నేను ఒక ఇత్తడి కొలతబిళ్ళను. అరచేయంత ఉంటాను. ఒక పక్కన తెరిచిన నోరులా లోతైన గంటు, పైన తాడు కట్టుకోవడానికి కన్నం, కడుపు మీద 7 అనే అంకె. నా బతుకులో అన్నిటికన్నా చెడ్డ రోజు ఒక సంచి సర్దడంతో మొదలైంది కాబట్టి అక్కణ్ణుంచే చెబుతాను.

నల్లబండపాలెం సముద్రపు ఒడ్డున, జాలర్ల సంఘం షెడ్డు వెనకాల, డాక్టర్ అవసరాల నరహరి తన నీలం సంచి సర్దుకుంటున్నాడు. పొద్దున పదిన్నర. తడి దుస్తులు అడుగున కుక్కాడు. కాళ్ళకు తొడుక్కునే రబ్బరు తెడ్లు పక్కన దోపాడు. తడి తువాలు మడిచి పెడుతూ అందులోకి నన్ను కూడా చుట్టేశాడు. మోగకుండా నోరు కట్టేసిన ఫోను నా పక్కన పడేసి జిప్పు లాగాడు. నేను ఉండాల్సింది షెడ్డు గోడకున్న ఏడో మేకు మీద. నన్ను తీసుకుపోతున్నది విజయనగరంలో ఎవరిదో పెళ్ళికి.

ఆ మేకు సంగతి తెలియాలంటే నా పుట్టుక చెప్పాలి. అంతకుముందు నేను ఒక మరపడవ పంకా రెక్కను. అది విరిగి సామాన్లకొట్లో పడి ఉంటే లేతు మిషను మేస్త్రీ ఒకడు కొని, కోసి, మమ్మల్ని పన్నెండుమందిని చేశాడు. నోరు సరిగ్గా ఇంతే ఉండాలని, వెంట్రుకవాసి కూడా తేడా రాకూడదని చేపలశాఖ ఆఫీసరు పక్కనే నిలబడి చేయించాడు.

"ఇంతా చేసి దీంతో ఏటి కొలుస్తారు బాబూ?" అన్నాడు మేస్త్రీ.

"రాతిరొయ్యని."

"సొక్కా కుట్టిస్తారా ఏటి?"

ఆఫీసరు నవ్వలేదు. ఆయన నవ్వే స్థితిలో లేడు. ఏడాదిగా ఆ ఊళ్ళో ఒకటే గొడవ. పట్నంలో మంచి ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు ఆదివారాలు వీపుకి గాలి సిలిండరు కట్టుకొని సముద్రంలోని నల్లబండ చుట్టూ సరదాకి మునుగుతున్నారు. వాళ్ళకి అడుగున రాతిరొయ్యలు కనిపించాయి. మూరెడు పొడుగు, ఒళ్ళంతా ముళ్ళు, బండ సందులోంచి మీసాలు ఆడిస్తూ తొంగిచూసే ఆ జీవిని చూస్తే సరదాగా ఉన్న మనిషికి పట్టాలనే అనిపిస్తుంది. పొట్టకూటికి పట్టేవాళ్ళకి కోపం వచ్చింది. చివరికి లైసెన్సు పెడదామన్నారు. పన్నెండుమందికే లైసెన్సు. పగటిపూటే దిగాలి, చేత్తోనే పట్టాలి, మనిషికి రెండే, కడుపు కింద గుడ్లు మోసే తల్లిని ముట్టకూడదు. పట్టినదాన్ని నీళ్ళలోనే నాతో కొలవాలి. కళ్ళ మధ్యనుంచి వీపు డిప్ప చివరిదాకా నా నోట్లో ఇమిడితే అది పిల్ల, వదిలేయాలి. ఇమడకపోతే పెద్దది, పట్టుకుపోవచ్చు. నా నోట్లో పట్టిందల్లా బతికిపోతుంది. పట్టనిది మనుషుల నోట్లోకి పోతుంది. ఇంత తిరకాసు పని ఇంకే నోటికీ లేదనుకుంటాను.

ఈ నిబంధనలన్నీ ఆఫీసరు సంఘం మీటింగులో చదివాడు. సంఘం ప్రెసిడెంటు మైలపల్లి ఎర్రన్న తలూపాడు. అప్పుడు వెనక వరసలోంచి గరికిన కొర్లమ్మ లేచింది. అరవై దాటిన మనిషి. షెడ్డు ఊడ్చి తాళం వేసే పని ఆవిడదే.

"బాబూ, ఎన్నెన్ని రొయ్యలు అట్టుకెల్లాలో రాసుకున్నారు, బాగుంది. దిగినోలందరూ పైకొచ్చినారో లేదో ఏ కాయితంలో రాసినారు?"

ఆవిడ ఎందుకు అడిగిందో ఊళ్ళో అందరికీ తెలుసు. ఆవిడ పెనిమిటి పోలిరాజు సిలిండర్లు లేని రోజుల్లో ఊపిరి బిగబట్టి రాతిరొయ్యలు పట్టేవాడు. ఒకనాడు అయిదుగురు రెండు తెప్పల మీద వెళ్ళారు. ఈ తెప్పవాళ్ళు అతను ఆ తెప్ప మీద ఉన్నాడనుకున్నారు. ఆ తెప్పవాళ్ళు ఈ తెప్ప మీద ఉన్నాడనుకున్నారు. ఒడ్డుకొచ్చి రొయ్యల్ని లెక్కపెట్టుకున్నారు. మనుషుల్ని లెక్కపెట్టుకోవాలని ఎవరికీ తోచలేదు.

అందుకని కొర్లమ్మ అడిగినట్టే జరిగింది. షెడ్డు గోడకు వరసగా మేకులు కొట్టారు. దిగేవాడు తన బిళ్ళ తీసుకొని దిగాలి, పైకి రాగానే తన చేత్తో తనే తగిలించాలి. మేకు ఖాళీగా ఉందంటే ఆ మనిషి ఇంకా నీళ్ళలో ఉన్నట్టు. కొర్లమ్మకు చదువు రాదు. అంకెలు మాత్రం మా కడుపులు చూసి పన్నెండుదాకా నేర్చుకుంది. ఆవిడ కొట్టించిన మేకులు మాత్రం పదమూడు. ఒకటో అంకెకు ముందు ఇంకొకటి ఉంది. దాని మీద ఎవరూ ఏదీ తగిలించలేదు, ఎందుకని అడగనూ లేదు.

నేను నరహరి వంతుకు వచ్చాను. అతను పళ్ళ డాక్టరు. పగలంతా పరాయి నోళ్ళు చూసేవాడికి ఆదివారం కూడా ఒక నోరే దొరికింది. మంచివాడే, కానీ చెయ్యి మెత్తన. రొయ్య మీసం విదిలిస్తే వదిలేసేవాడు. రెండు నెలల్లో ఒక్కటీ పట్టలేదు. పైకి వచ్చినప్పుడల్లా ఎర్రన్న షెడ్డు ముందు కూర్చొని ఉండేవాడు.

"ఏటి డాట్రుబాబూ, ఈయేళా ఉట్టి సేతులేనా? పన్ను పీకినట్టు గట్టిగా పట్టాల బాబూ. పోనీ, సూదేసి మత్తిచ్చి సూడకపోయేవా!"

ఆ ఆదివారం అతను నిజంగానే ఒకదాన్ని పట్టాడు. నాతో కొలిచాడు. వెంట్రుకవాసిలో నా నోట్లో ఇమిడింది. మళ్ళీ కొలిచాడు. మళ్ళీ ఇమిడింది. చుట్టుపక్కల ఎవరూ లేరు. అయినా వదిలేశాడు. నాకు అతని మీద గౌరవం కలిగింది అప్పుడే. తనకి జంటగా దిగిన తోటివాడికి పైకి పోతున్నానని బొటనవేలు చూపించి, ఎర్రన్న మాట పడలేక చుట్టూ తిరిగి షెడ్డు వెనక్కి వచ్చాడు. సిలిండరు మిగతా సిలిండర్ల మధ్య పెట్టాడు. పెళ్ళికి ఆలస్యమైందని ఆటో ఎక్కేశాడు. అబద్ధం ఆడనివాడు, సిగ్గుపడి పారిపోయాడు. ఏడో మేకు ఖాళీగా మిగిలింది.

ఆ తర్వాత ఒడ్డున జరిగిందంతా నేను మేకు మీదికి తిరిగొచ్చాక నలుగురి నోటా విన్నది. పదకొండుకి తక్కినవాళ్ళందరూ పైకి వచ్చి బిళ్ళలు తగిలించారు. కొర్లమ్మ లెక్క చూసుకుంది. "ఏడో నెంబరేడీ?" అంది.

తోటివాడు తెల్లబోయాడు. "నాకన్నా ముందే పైకొచ్చేశాడే."

"పైకొస్తే బిల్లేది?"

ఎర్రన్న లేచి నిలబడ్డాడు. పొయ్యిల మీద అన్నాలు అలాగే వదిలేసి ఊరు ఊరంతా ఒడ్డుకొచ్చింది. ఆరు పడవలు నీళ్ళలోకి దిగాయి. ఎర్రన్న తనే సిలిండరు కట్టించుకొని దిగుతానని పట్టుబడితే నలుగురు పట్టి ఆపారు. కొర్లమ్మ మాత్రం ఒడ్డుకు పోలేదట. మేకు ఎదురుగా నిలబడి, దాన్ని రెండు వేళ్ళతో పట్టుకొని, అలాగే ఉండిపోయిందట.

ఇక్కడ సంచిలో నా పక్కన ఫోను మోగకుండా వణుకుతోంది. ఆగుతుంది, మళ్ళీ వణుకుతుంది. నాకు నోరుంది కానీ అరవడానికి పనికిరాదు. పైన సన్నాయి వినిపిస్తోంది. ఎవరో గుత్తివంకాయ బాగుందంటున్నారు. పెళ్ళిలో మనుషులు ఎంత తీరిగ్గా ఉంటారో నాకు ఆ రోజే తెలిసింది.

అక్షింతలయ్యాక నరహరి చేతిరుమాలు కోసం సంచి తెరిచాడు. తువాలులోంచి జారి నేను నేల మీద ఠంగుమన్నాను. అతను నన్ను చూశాడు. 7 చూశాడు. ఫోను చూశాడు. నలభై మూడుసార్లు చేశారు.

షెడ్డుకి ఫోను కలిపి, అవతల ఎవరూ ఎత్తకముందే "నేను బతికే ఉన్నానండీ" అని అరిచాడు. పక్కనున్న పెళ్ళివారంతా తిరిగి చూశారు. షెడ్డులో ఉన్నది కొర్లమ్మ ఒక్కతే, ఆవిడ మేకు వదిలి ఫోను దగ్గరికి పోలేదట, తక్కినవాళ్ళందరూ నీళ్ళ దగ్గరున్నారు. ఎవరూ ఎత్తకపోయేసరికి ఎవరిదో కారు అడిగి తీసుకొని బయల్దేరాడు. దారి పొడుగునా నన్ను గుప్పిట్లో పట్టుకొనే ఉన్నాడు. ఆ చెయ్యి ఎంత చెమట పట్టిందంటే సముద్రంలో కూడా నేను అంత తడవలేదు.

మధ్యాహ్నం రెండున్నరకి పట్టుపంచెతో, జుట్టులో పసుపు అక్షింతలతో ఇసకలో పరిగెత్తాడు. ముందు చూసినవాడు ఎర్రన్న. చూసి, ఇసకలో చతికిలబడి, పడవలకేసి రెండు చేతులూ ఊపాడు. ఆరు పడవల మీద ఒకేసారి ఈలలు లేచాయి.

నరహరి షెడ్డులోకి వచ్చి కొర్లమ్మ ముందు నిలబడ్డాడు.

"అమ్మా, మర్చిపోయాను" అన్నాడు.

"ఎదవా!" అంది కొర్లమ్మ. అతన్ని అంతకుముందు ఎప్పుడూ బాబూ అనే పిలిచేది. "నీ పల్లన్నీ రాలగొట్టీసి నీ సేతే కట్టించీనా? పెల్లికెల్తావా? అచ్చింతలెట్టుకొస్తావా నా కాడికి?" తిడుతూనే అతని భుజాలు, చేతులు, మొహం తడిమి చూసింది. తడిమిన చెయ్యి తీయలేదు.

అతను నన్ను ఏడో మేకుకు తగిలించాడు. మేకు వెచ్చగా ఉంది, మూడు గంటలపైన ఆవిడ వేళ్ళ మధ్య ఉంది కదా. కొర్లమ్మ ఒకటి నుంచి పన్నెండుదాకా లెక్కపెట్టి నేల మీద కూర్చుంది.

"నాను నిలబడి సూస్తంటే ఒకడు ఎనక్కొచ్చినాడ్రా" అంది, ఎవరితోనో తెలియదు.

లైసెన్సు రద్దు చేయాలని సంఘం అంది. ఆవిడ ఒప్పుకోలేదు. ఆ ఏడాది మిగిలిన ఆదివారాలన్నీ డాక్టరు దిగకుండా షెడ్డులో తన పక్కన కూర్చొని మేకులు చూడాలని శిక్ష వేసింది. అతను వచ్చి కూర్చున్నాడు. మొదటి రెండు వారాలు తలవంచుకొని ఉన్నాడు. మూడో వారం ఆలస్యంగా వచ్చిన పన్నెండో నెంబరు మీద ఆవిడకన్నా పెద్ద గొంతు వేసుకొని అరిచాడు. శిక్షాకాలం అయిపోయేసరికి కొర్లమ్మకు కొత్త పళ్ళు కట్టి ఇచ్చాడు. వాటితో ఆవిడ తిట్లు మరింత స్పష్టంగా వచ్చాయి.

తొమ్మిదేళ్ళు పనిచేశాను. నీళ్ళకి, ముళ్ళకి, ఇసకకి నా నోరు అరిగి కొంచెం పెద్దదైంది. తినదగ్గ రొయ్యలు కూడా పిల్లలని తేలడం మొదలైంది. ముసలితనంలో నేను రొయ్యల పక్షం చేరానని డైవర్లు నవ్వుకున్నారు. ఆఫీసరు వచ్చి కొలిచి, నన్ను తీసేసి, కొత్త 7 ఇచ్చాడు. పాతది పాతసామాన్లకి వేసేయమన్నాడు.

కొర్లమ్మ నన్ను అడిగి తీసుకుంది. చింతపండుతో తోమి, ఒకటో అంకెకు ముందున్న పదమూడో మేకుకు తగిలించింది. ఇప్పుడు అక్కడే ఉన్నాను. నన్ను ఎవరూ తీయరు, ఎవరూ తగిలించరు. సాయంత్రం తాళం వేసేముందు ఆవిడ లెక్క నాతోనే మొదలుపెడుతుంది.

లైసెన్సు తీసుకొని ఇక్కడ దిగినవాళ్ళందరూ పైకి వచ్చారు. గరికిన పోలిరాజు 1998 నవంబరు 16, సోమవారం పొద్దున దిగాడు. తిరిగి రాలేదు.