అంటు కత్తి

మా అన్నయ్య విజిటింగ్ కార్డు మీద ‘మొక్కల డాక్టర్’ అని ఉంటుంది. ఆ డాక్టరు ఇంతవరకు ఒక్క మొక్కకీ ప్రాణం పోసిన పాపాన పోలేదు. నర్సరీలో ముందు భాగమంతా తనది. రంగు కుండీలు, తెల్ల గులకరాళ్ళు, సీసాల్లో టానిక్కులు, ఫోనులో నొక్కితే నీళ్ళు వదిలే గొట్టాలు. వెనక పెరడు నాన్నది. నాన్న అన్నయ్యని ‘కుండీల దొర’ అంటాడు. చాటుగా కాదు, కొనడానికొచ్చిన వాళ్ళ ముందే అంటాడు.

ఆ పెరట్లో మా తాతయ్య తయారు చేసిన గులాబీ ఒకటి ఉంది. రేకలు పైన ఇటుకపొడి రంగు, లోపల పసుపు. దానికి పేరు లేదు, ‘తాతయ్య మొక్క’ అంటాం. దాని వేరు దానిది కాదు. అడవి గులాబీ మొదలు మీద ఈ గులాబీ కన్ను, అంటే ఆకు మొదట్లో ఉండే చిన్న మొగ్గ, చెక్కి అతికిస్తారు, అదే అంటు కట్టడం. అతికిన చోట ముడి కడుతుంది. ముడికి పైనున్నది తాతయ్యది. ముడి కింద నుంచి ఏది మొలిచినా అడవిది. మా ఇంట్లో అన్నం తిన్నవాళ్ళకి ఈ మాత్రం తెలిసి ఉండాలి.

అమ్మినవి ఎక్కడో మిగిలే ఉంటాయి కదా అని మీరనుకోవచ్చు. ఒకాయన ఏసీ గదిలో పెట్టి చంపాడు. ఒకావిడ రోజూ మిగిలిన టీ పోసి, పూయలేదని మమ్మల్ని తిట్టింది. ఒక కాలేజీ అమ్మాయి దానికి ముద్దుపేరు పెట్టి, పుట్టినరోజు చేసి, నీళ్ళు పోయడం మర్చిపోయింది. మిగిలింది మా పెరట్లోని తల్లి మొక్క ఒక్కటే.

ఇంతలో నాన్న బాత్రూంలో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఆస్పత్రికి దగ్గరని కట్టు విప్పేదాకా నా ఫ్లాటులో ఉంచుకున్నాను. రోజూ పొద్దున్నే అన్నయ్య మొక్క ఫోటో పంపి, వెంటనే ఫోన్ చేసేవాడు.

“చూశావా నాన్నా, ఎలా లేచిందో? నువ్వున్నప్పుడు నడుం దాటలేదు.”

“ముడి పైనుంచి లేచిందా, కింద నుంచా?”

“మొక్కన్నాక కింద నుంచే కదా లేస్తుంది.”

నాన్న ఫోను నా ఒళ్ళో పడేశాడు. “కింద వచ్చినవి గిల్లెయ్యమని చెప్పు. ముడంటే ఏంటని అడిగితే మాత్రం నాకు చెప్పకు.”

చెప్పాను. “సరే సరే” అన్నాడు అన్నయ్య. అలాంటి సరేలు ఆఫీసులో నేను రోజూ వింటాను.

కట్టు విప్పాక ఆదివారం నాన్నని తీసుకుని వెళ్ళాను. పెరట్లో మొక్క మనిషెత్తు ఉంది. లేతాకుపచ్చ, నిగనిగ. పువ్వు కాదు గదా, మొగ్గ కూడా లేదు. మొదట్లో ఒక పక్క గుండ్రంగా కోసిన గాయం, దాని మీద నున్నగా పూసిన మైనం.

“ముసలి కొమ్మ ఏదిరా?”

“మొన్న కోసేశాను. నువ్వొచ్చేసరికి శుభ్రంగా ఉండాలని. రసమంతా అదే తాగేస్తోంది నాన్నా.” అన్నయ్య చేతిలో కొత్త బ్యాటరీ కత్తెర ఉంది. చూపించడానికే పట్టుకొచ్చినట్టున్నాడు.

నాన్న ఆ మైనాన్ని వేలితో తడిమాడు. “ఇంటాయన్ని గెంటేసి దొంగకి పక్క పరిచావు. పైగా శవానికి పౌడరొకటి.”

“పూలకేముంది, టానిక్కు మారిస్తే వస్తాయి.”

“అన్నయ్యా, ఇది అడవి గులాబీ. నువ్వు కోసిందే తాతయ్య మొక్క,” అన్నాను. తను మొక్కని, కత్తెరని, నన్ను చూశాడు. కత్తెరని వెనక్కి దాచుకున్నాడు.

“కోసిన కొమ్మలేవి?” అన్నాడు నాన్న.

వదిన ముందుకొచ్చింది. “పారేయలేదు మావయ్యా. గట్టిగా ఉన్నాయని టమాటా మొక్కలకి ఊతంగా గుచ్చాను. ముళ్ళు గీసుకుంటాయని పీలరుతో గీకేశాను కూడా.”

ఆరోగ్యంగా ఉన్న కొమ్మలు, సొరకాయ చెక్కినట్టు చెక్కేసి ఉన్నాయి. ముళ్ళతో పాటు కళ్ళూ పోయాయి. నాన్న ఒక్కొక్కటే పీకి చూసి పక్కన పడేశాడు. చిట్టచివరిది సగమే చెక్కి ఉంది. “దాని దగ్గరే వేలు తెగింది, వదిలేశాను,” అంది వదిన. ఆ మిగిలిన సగంలో, వాడిన ఆకు పక్కన, ఒకే ఒక్క కన్ను పచ్చగా ఉంది.

నాన్న జేబులోంచి అంటు కత్తి తీశాడు. వేళ్ళు ముడుచుకోలేదు. కత్తి జారి మట్టిలో పడింది. నా వైపు చూశాడు. ఫైళ్ళు కుట్టే చేతులని గుర్తొచ్చినట్టుంది, అన్నయ్య వైపు తిరిగాడు.

“తియ్యి. మునగకాయ కోసినట్టు కాదు. బెరడు మాత్రమే రావాలి.”

అన్నయ్య చెమటలు కక్కుతూ ఆకు కత్తిరించి, కాడ ముక్క ఉంచి, కన్నుని చెక్కాడు. వంకరగానే అయినా ఊడొచ్చింది. గాలి తగిలితే ఎండిపోతుందని నాన్న దాన్ని గభాలున అందుకుని పెదవుల మధ్య పెట్టుకున్నాడు. తడి ఆరకుండా తాతయ్యా అలాగే పెట్టుకునేవాడట. ఎడం చేత్తో అడవి మొదలు చూపించి, “ఊఁ” అన్నాడు.

“ఒక్క నిమిషం, వీడియోలో చూసి కోస్తా,” అన్నాడు అన్నయ్య. ఫోనులో ముందు సబ్బు ప్రకటన వచ్చింది. నాన్న మెడ నరాలు ఉబ్బాయి. కన్ను పెదవుల మధ్యే ఉంది. అది చూసి అన్నయ్య ఫోను కట్టేశాడు.

“చిన్నప్పుడు ఈ కత్తి ముట్టుకుంటే చేతి మీద కొట్టావు. చెడగొడతావు, పోయి కుండీలు కడుక్కో అన్నావు. కడుగుతూనే ఉన్నాను. కడిగి కడిగి అమ్ముకుంటున్నాను. తిడితే వచ్చేస్తుందా నాన్నా విద్య? ఒక్కసారైనా పక్కన కూర్చోబెట్టుకున్నావా?”

వదిన నేల చూపులు చూసింది. నాన్నకి తిట్టడం కన్నా ఇష్టమైన పని ఇంకోటి ఉన్నట్టు నేను ఎరగను. నోట్లో ఉన్నది ఉమ్మేస్తే చాలు, జవాబుకి కరువా. ముఖం ఎర్రబడింది, ముక్కుపుటాలు అదిరాయి. పెదవులు మాత్రం విడలేదు.

నాన్న కింద కూర్చుని, తన పక్కన నేల మీద చేత్తో తట్టాడు. అన్నయ్య కూర్చున్నాడు. నాన్న ఎడం చేతి గోటితో అడవి గులాబీ బెరడు మీద అడ్డంగా ఒక గీత, దాని కింద నిలువుగా ఒక గీత గీసి చూపించాడు. అన్నయ్య ఆ గీతల మీదే కోశాడు. కత్తి వెనక భాగంతో బెరడు రెండు వైపులా లేపాడు. నాన్న కన్నుని నోట్లోంచి తీసి, పైకి ఏ వైపు ఉండాలో చూపించి, అన్నయ్య అరచేతిలో పెట్టాడు. అన్నయ్య దాన్ని బెరడు కిందికి జార్చి, కన్ను బయటికి కనపడేలా వదిలి, ప్లాస్టిక్ రిబ్బను చుట్టాడు.

ఇక నాన్నకి నోరు ఖాళీ అయింది. ముగ్గురం ఎదురుచూశాం.

“కట్టు వదులుగా ఉంది,” అన్నాడు.

అన్నయ్య విప్పి మళ్ళీ కట్టాడు.

కొన్ని వారాలు ఆగి ఆ కాడ ముక్కని తాకాలి. తాకగానే రాలితే అంటు అతికినట్టు. ఎండి కరుచుకునే ఉంటే చచ్చినట్టు. ఆ రోజుకి నేనూ వెళ్ళాను. మొక్క చుట్టూ నిలబడ్డామే గాని ఎవరమూ చెయ్యి చాపలేదు.

“కట్టింది నువ్వేగా, చూసుకో,” అన్నాడు నాన్న.

అన్నయ్య చిటికెన వేలితో తాకాడు. కాడ ముక్క అరచేతిలో రాలింది. వెంటనే రెండో చెయ్యి ఫోను కోసం జేబులోకి వెళ్ళింది.

“దేనికి? ఆ పుల్లముక్క చూపించి టానిక్కులు అమ్ముకోవడానికా?” అన్నాడు నాన్న. “ఇది గాలివాటం. ఇది పెరిగాక దీని కళ్ళతో ఇంకో పది కట్టు. అవీ బతికితే అప్పుడు తీసుకో ఫోటో.”

అంటు కత్తి ఎప్పుడూ నాన్న చొక్కా జేబులోనే ఉండేది. ఆ రోజు దాన్ని బల్ల మీద వదిలేసి లోపలికి వెళ్ళిపోయాడు. అన్నయ్య అటూ ఇటూ చూసి తీసుకున్నాడు.

“పెన్నులా పట్టుకోకు,” అన్నాడు నాన్న లోపలి నుంచి, చూడకుండానే.