నవంబరు కోటుతో కొన్న తుపాకీ

ఉన్ని మేజోళ్ళు ఆరు జతలు, బనీన్లు నాలుగు, గడ్డం గీసుకునే సామాను, సూదీ దారం ఉన్న రేకు డబ్బా, ఏలకుల రొట్టె ఒకటి. అర్విడ్ గుడ్డసంచిలో అన్నీ వరసగా సర్ది, అన్నిటికీ పైన మనవరాలు మార్లీన్ ఎర్రగళ్ళ ఉన్నికోటు మడిచి పెట్టాను.

ఇనుప ఖనిజం మోసే ఓడ మీద మా అబ్బాయి అర్విడ్‌కి పని. పది రోజుల సెలవు ఆ రోజుతో అయిపోయింది. సాయంత్రం అయిదింటి బస్సుకి రేవుకి వెళ్ళిపోవాలి. సరస్సు గడ్డకట్టి ఓడలు నిలిచిపోయేదాకా, అంటే డిసెంబరు మధ్యదాకా, మళ్ళీ ఇంటి ముఖం చూసేది లేదు.

"అమ్మా, ఇది ఆగస్టు," అన్నాడు కోటు బయటికి లాగుతూ. "పైగా ఇది మార్లీన్‌ది. నేను తొడుక్కుంటే ఓడలో వంటవాడు కూడా నవ్వుతాడు."

"నీక్కాదు. తుపాకుల కొట్టుకి."

"కొట్టాయనకి చలేస్తోందా?"

"నోర్మూసుకుని అక్కడ పెట్టు."

సంచి సర్దడం నాకు అలవాటైన పని. మా ఇంట్లోంచి గనికీ, చెట్లు నరికే శిబిరాలకీ, యుద్ధానికీ, ఓడలకీ వెళ్ళినవాళ్ళ సంచులన్నీ నేనే సర్దాను. ఎవరి సంచి అడుగున ఏం పెట్టానో ఇప్పటికీ చెప్పగలను. మూతి కట్టాక మళ్ళీ విప్పి చూస్తానని ఇంట్లో అందరికీ ఎగతాళి. ఆ రోజు అప్పటికే రెండుసార్లు విప్పాను.

అర్విడ్ కూతురు మార్లీన్‌కి జులైలో పద్నాలుగు నిండాయి. ఆ వయసొస్తే నవంబరు పదిహేను నుంచి తుపాకీతో జింకల వేటకి వెళ్ళొచ్చు. మా ఆయన విల్హో అడవిలో తన చెక్క గుడిసెకి మనవరాలిని తీసుకెళ్తానన్నాడు, ఒక షరతు మీద. యాభై అంగల దూరంలో రేకు పళ్ళెం పెడతాడు. మూడు తూటాల్లో రెండు పళ్ళెంలో పడాలి. పడకపోతే ఇంకో ఏడాది ఇంట్లోనే. అర్విడ్‌కీ అదే పరీక్ష పెట్టాడు. అంతకుముందు మా ఆయనకి వాళ్ళ నాన్న పెట్టిందీ అదే. కూతురి మొదటి తుపాకీ తనే ఎంచాలని, పరీక్ష తన కళ్ళతో చూడాలని అర్విడ్ పట్టు. అందుకని కొనడమూ, కాల్చడమూ రెండూ బస్సు వేళకి ముందే అయిపోవాలి.

తండ్రీకొడుకులిద్దరికీ తెలియని సంగతి ఒకటుంది. మే నెలలో మా ఆయన తన పెద్ద తుపాకీతో మార్లీన్‌ని ఒక్క తూటా కాల్చనిచ్చాడు. "బాగుంది తాతయ్యా," అంది. ఆ శనివారం ఆవిరిస్నానాల గదిలో, మా సౌనాలో, ఆడవాళ్ళ వంతు వచ్చినప్పుడు, ఆవిర్లో దాని భుజం చూశాను. బ్లూబెర్రీలు నలిపి పూసినట్టు, నా అరచెయ్యంత మేర కమిలిపోయింది.

"నానమ్మా, ఎవరికీ చెప్పకు. తెలిస్తే నన్ను తీసుకెళ్ళరు," అంది.

చెప్పలేదు. కాని అప్పటినుంచి తలుపు గట్టిగా పడినా పిల్ల కళ్ళు మూసుకునేది. నాకు నిద్ర పట్టేది కాదు. ఊళ్ళోకి పదిహేను రోజులకోసారి వచ్చే పుస్తకాల బండిలోంచి తుపాకుల పుస్తకం తెచ్చుకుని, వేసవంతా పెన్సిల్ పట్టుకుని చదివాను. తుపాకీ తేలికై తూటా బలమైనదైతే భుజాన్ని అంత గట్టిగా తంతుంది. తుపాకీ పొడుగు పట్టుకునే మనిషికి ఎక్కువైనా అంతే.

మా వాళ్ళకో జబ్బుంది. బూట్లు, కోట్లు, సైకిళ్ళు, ఏది కొన్నా "పెరుగుతారులే" అని రెండు సైజులు పెద్దది కొంటారు. నేను మాత్రం తక్కువ తిన్నానా! పదిహేనో ఏట చర్చిలో ప్రమాణం చేసిన రోజున అర్విడ్‌కి వేసిన కోటు వాడి పెళ్ళికి సరిపోయింది. అయితే కోటు పెద్దదైతే చేతులు మడుచుకోవచ్చు. తుపాకీని మడవలేం.

కొట్టు ట్రెగియర్‌ది. మేకులు, రంగులు, గడ్డపారలు ముందు. తుపాకులు వెనక గోడకి. వాళ్ళ తాతలు కార్న్‌వాల్ నుంచి సముద్రం దాటి ఇక్కడి గని పనికి వచ్చారు, మా వాళ్ళు ఫిన్లాండ్ నుంచి. డెబ్భై ఏళ్ళుగా ఒకరినొకరు ఏడిపించుకుంటూ బతుకుతున్నాం.

"రండి వదినగారూ," అన్నాడు. "ఏం తెచ్చారు ఆ సంచిలో? మాంసం కూరిన పేస్టీలయితే నాకొద్దు. మీ ఫిన్నులు అందులో క్యారెట్ వేస్తారు."

"మీరు వేసే టర్నిప్ మా ఇంట్లో ఆవు కూడా తినదు," అన్నాను.

"బాబాయ్, థర్టీ-ఆట్-సిక్స్ చూపించు," అన్నాడు అర్విడ్. "ఒక్కటి కొంటే జీవితాంతం చాలాలి. జింకకీ చాలాలి, ఎలుగొస్తే దానికీ చాలాలి."

పుస్తకంలో ఆ తూటా పక్కన, బాగా తన్నేదని, నేను రెండు గీతలు గీశాను.

ట్రెగియర్ గోడమీంచి ఒకటి దించి, తూటా గది తెరిచి లోపల ఖాళీ అని చూపించి మార్లీన్‌కిచ్చాడు. పూల చొక్కాలో ఉన్న పిల్ల పొడుగు చూసుకోడానికి తుపాకీ మడమని మోచేతి మడతలో ఆనించుకుని చెయ్యి చాపింది. వేలి కొస మీటకి అందింది.

"అందిందిగా!" అన్నాడు అర్విడ్. "ఇంకా పెరుగుతుందిలే."

మార్లీన్ నా వంక చూసింది. పెదవులు బిగించుకుని ఉంది. నేను కోటు తీశాను.

"ఇది వేసుకో తల్లీ."

కొట్లో మేకులు కొనుక్కోడానికి వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు పగలబడి నవ్వారు. "అవ్వా, మంచు కురుస్తోందా?" అన్నాడొకడు.

"జింకల్ని నువ్వు ఆగస్టులో వేటాడతావా?" అన్నాను. "అయితే అటవీ అధికారికి నీ పేరు చెప్తానుండు."

వాడి నవ్వు సగంలో ఆగిపోయింది.

మార్లీన్ కోటు వేసుకుని గొంతుదాకా బొత్తాలు పెట్టుకుంది. నుదుటి మీద చెమట. తుపాకీ ఎత్తి భుజానికి పెట్టుకోబోయింది. మడమ చంకలో ఉన్నికి పట్టుకుంది. గుంజింది, రాలేదు. మళ్ళీ గుంజితే భుజానికి కాక, జబ్బ మీదకి వచ్చింది. మెడ ఎంత సాచినా కన్ను గురికి అందలేదు. గొట్టం బరువుకి ముందుకి వాలిపోయింది.

ఎవరూ నవ్వలేదు.

"నలభై ఏళ్ళుగా ఎండాకాలంలోనే తుపాకులమ్ముతున్నాను," అన్నాడు ట్రెగియర్ మెల్లిగా. "ఒక్కడూ కోటు తెచ్చుకుని రాలేదు."

అర్విడ్ నా చెయ్యి పట్టుకుని రంగు డబ్బాల పక్కకి తీసుకెళ్ళాడు. "అమ్మా, కోటు సంగతి సరే. ఇంకేదో ఉంది. నీ మొహం చూస్తే తెలుస్తోంది."

పిల్లకిచ్చిన మాట తప్పాను. భుజం సంగతి చెప్పేశాను. వాడు ఒక రంగు డబ్బాని అటు తిప్పి ఇటు తిప్పి అక్కడే పెట్టాడు. తర్వాత వెళ్ళి, "బాబాయ్, ఆ పెద్దది లోపల పెట్టెయ్. చిన్నదేదైనా చూడు," అన్నాడు.

ట్రెగియర్ వెనక గదిలోంచి వాడిన థర్టీ-థర్టీ ఒకటి తెచ్చాడు. పొట్టిది, కింద ఉన్న ఇనప పిడి ఆడిస్తే తూటా ఎక్కేది. కళ్ళు మసకబారిన ముసలాయనెవరో తిరిగిచ్చాడట. కోటు మీద అదీ కాస్త పొడుగే అయింది.

"మడమ రెండు వేళ్ళ మందం కోసేస్తాను," అన్నాడు ట్రెగియర్. "చివర రబ్బరు అట్ట బిగిస్తాను. గంట కూర్చోండి. కోసిన ముక్క మాత్రం పారెయ్యకండి. పిల్ల ఎదిగాక మళ్ళీ స్క్రూలు పెట్టి అతికించుకోవచ్చు."

"అంటే పెరుగుతుందిలే అని కొన్నట్టేగా!" అన్నాడు అర్విడ్. "చూశావా అమ్మా, నేనే గెలిచాను."

మార్లీన్ కోటు విప్పకుండానే నవ్వింది. పొద్దుటి నుంచి దాని పళ్ళు కనపడటం అదే మొదలు.

మేం వెళ్ళేసరికి మా ఆయన పాత కంకర గుంట దగ్గర రేకు పళ్ళేన్ని మొద్దుకి మేకు కొట్టి, యాభై అంగలు కొలిచి, బండరాయి మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

"దానికి కోటెందుకే? వడదెబ్బ తగిలి పడిపోతుంది."

"నవంబరులో ఎలా కాలుస్తుందో అలాగే కాల్చాలి," అన్నాను.

"ఈవిడ పుస్తకాలు పట్టిన దగ్గర్నుంచి ఇంట్లో నా మాట చెల్లట్లేదు."

"అంతకుముందు చెల్లిందా నాన్నా?" అన్నాడు అర్విడ్.

మార్లీన్ మొదటి తూటా ఎక్కించింది. వాళ్ళిద్దరూ పళ్ళెం వంక చూశారు. నేను పిల్ల రెప్పల వంక చూశాను. తుపాకీ పేలకముందే మూసుకున్నాయి. తూటా పళ్ళేనికి జానెడు కింద మట్టిలో దూరింది.

"ఒకటి పోయింది," అన్నాడు మా ఆయన.

ఇంక రెండే ఉన్నాయి, రెండూ పడాలి. అర్విడ్ తుపాకీ తీసుకుని, మాకు వీపు తిప్పి, పిడి ఆడించి మళ్ళీ దాని చేతికిచ్చాడు. "కాల్చు."

మార్లీన్ గురి చూసి మీట నొక్కింది. టక్కుమని చప్పుడు, అంతే. లోపల తూటా లేదు. అయినా గొట్టం గభాలున కిందకి ఊగింది, పిల్ల భుజాలు ముడుచుకుపోయాయి. తన్నని తుపాకీకి భయపడటం అందరికీ కనపడిపోయింది.

"నాన్నా, నేను..." అంది. ముఖం కోటు రంగులోకి వచ్చేసింది.

"తెలుసమ్మా. నాకు రెండేళ్ళు పట్టింది."

"ఏది?"

"కళ్ళు తెరిచి కాల్చడం. మీ తాతయ్య తుపాకీ గాడిదలా తన్నేది. కమిలిన భుజం చూస్తే అడవికి తీసుకెళ్ళడని, కడుపునొప్పి అని చెప్పి సౌనా ఎగ్గొట్టేవాణ్ణి."

మా ఆయన కాఫీ కప్పు రాతి మీద పెట్టాడు. "రెండేళ్ళా? అయితే వాగు దగ్గర ఎనిమిది కొమ్మల జింక నీ ముందు నుంచి నడుచుకుంటూ పోయినప్పుడు..."

"కళ్ళు మూసుకున్నాను."

"ఎండ కళ్ళల్లో పడిందన్నావు కదరా దొంగవెధవా! ఇరవై ఏళ్ళుగా ఆ సూర్యుణ్ణి తిడుతున్నాను!"

"మరి పళ్ళెం పరీక్షలో ఎలా నెగ్గావు నాన్నా?" అంది మార్లీన్.

"ఏమో. నేను చూడలేదుగా."

మా ఆయనకి నవ్వు ఆగలేదు. ఆయన నవ్వు చూసి పిల్ల, పిల్లని చూసి నేను. మార్లీన్ కోటు చేతితో కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత అర్విడ్ దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఖాళీ తుపాకీతోనే నొక్కించాడు. పదిసార్లు, ఇరవైసార్లు. గొట్టం మీద ఒక నాణెం పెట్టి, అది కింద పడకుండా నొక్కమన్నాడు. ఆఖరికి నాణెం కదలకుండా నిలిచింది. బస్సుకి గంటన్నర ఉంది. నేను గడియారం చూడటం మానేశాను.

"ఇప్పుడు తూటా ఉందో లేదో చెప్పను," అన్నాడు.

ఉంది. రెప్పలు పడలేదు. పళ్ళెం మొద్దు మీద గణగణలాడింది. వెంటనే ఇంకోటి. మా ఆయన నడుచుకుంటూ వెళ్ళి, పళ్ళెం పీకి తెచ్చి, రెండో కన్నంలో వేలు పెట్టి చూపించాడు.

"ఇది అంచున పడింది. పళ్ళెం అంటే నడి పళ్ళెం."

"అలాగా?" అన్నాను. "అయితే పేస్టీ అంచు కూడా పేస్టీ కాదన్నమాట. రేపటి నుంచి నీకు పెట్టను."

ఆయన అంచు వంక ఇంకోసారి చూశాడు. ఆయనకి అంచులంటేనే ఇష్టం.

"పళ్ళెంలోదే," అన్నాడు. "పదిహేనుకి ముందు రోజు తెల్లారి నాలుగింటికి బయల్దేరతాం. ఆలస్యమైతే నిన్ను వదిలేసి పోతాను మనవరాలా."

మార్లీన్ వాళ్ళ నాన్న మెడ పట్టుకుని వేలాడింది, కోటుతో సహా.

కోడలు జాయిస్ ఆసుపత్రి వంటింట్లో పని ముగించుకుని నేరుగా బస్సు దగ్గరికి వచ్చింది. కోటు తీసేసినచోట సంచి లొత్తపడింది. అక్కడ నాలుగు పేస్టీలు పెట్టి మూతి కట్టాను. అర్విడ్ కిటికీలోంచి చెయ్యి చాపి రెండు వేళ్ళు చూపించాడు, పళ్ళెంలో పడ్డవి రెండని. బస్సు మలుపు తిరిగేదాకా మార్లీన్ కూడా రెండు వేళ్ళు ఎత్తే ఉంచింది. ఆ రాత్రి చాలా కాలం తర్వాత నాకు కమ్మగా నిద్ర పట్టింది.

ఆ ఏడు నవంబరు పదిహేను ఆదివారం పడింది. పాస్టరు కూడా వేటకని శుక్రవారమే అడవిలోకి వెళ్ళిపోయాడు. ఆర్గన్ వాయించే ఆవిడ ప్రసంగం చదివితే పదకొండు మంది ముసలమ్మలం విన్నాం. మార్లీన్ మూడో రోజున జింకని చూసింది, కాల్చింది, తప్పింది. గురి తప్పినవాళ్ళ చొక్కా వెనక కొస కత్తిరించి గుడిసె గోడకి మేకు కొట్టడం అక్కడి ఆనవాయితీ. తాతయ్యే కత్తిరించాడు. ఇంటికి రాగానే చిరిగిన చొక్కాతోనే కూర్చుని వాళ్ళ నాన్నకి ఉత్తరం రాసింది, కళ్ళు మాత్రం తెరిచే ఉంచానని.

ఓడలు వెళ్ళే దారిలో నది మీద, వాటికి ఉత్తరాలందించే చిన్న పడవ ఉంటుంది. దాని ద్వారా ఉత్తరం అంది, జవాబు కార్డు కూడా వచ్చింది.

"కళ్ళు తెరుచుకుని తప్పావంటే నా కంటే రెండేళ్ళు ముందున్నావు. ఎంత దూరం, ఏ వైపు గాలి, జింక నిలబడిందా నడుస్తోందా, అన్నీ రాయి. మీ తాతయ్య చెప్పేవి నమ్మను. నాన్న."

మార్లీన్ నాలుగు పేజీలు రాసింది. జింక బొమ్మ కూడా వేసింది. పోస్టు డబ్బాలో నేనే వేసి వచ్చాను.

ఆ ఏడాది చివరి సరుకుతో వెళ్తుండగా, మంచు పేరుకున్న డెక్కు మీద నుంచి ఒక అల మా అబ్బాయిని తీసుకుపోయింది. అర్విడ్ తిరిగి రాలేదు. 1964 డిసెంబరు నాలుగు, శుక్రవారం.