క్వారీ అంచున కట్టిన గుడ్డ

రాగసుధ మొదట్లో నూనెరంగులతో బొమ్మలు వేసేది. బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్ పై వాటాలో నాలుగేళ్లు అలా వేశాక ఆ పని మొహం మొత్తింది. సత్తెనపల్లి వైపు మిరప కల్లాల్లో తడిగుడ్డలు పరిచి కాయల ఎరుపు వాటికి పట్టించింది. ఆ తర్వాత పత్తిమిల్లుల రొద రికార్డు చేసి, ఆ గుడ్డల వెనక నుంచి వినిపించింది. హైదరాబాదులో చూసినవాళ్లు మెచ్చుకున్నారు. తెలుగు మాస్టారుగా రిటైరైన ఆమె తండ్రి మాత్రం, "ఇంతకీ నువ్వు చేసేదాన్ని ఏమనాలమ్మా?" అని అడిగారు.

ఆ ఏడే చీమకుర్తిలో గది అద్దెకు తీసుకుంది. ఊరవతల ఒక గ్రానైట్ క్వారీ అంచున ఒక ఇనప కడ్డీ, నాలుగు గజాలు వెనక్కి ఇంకో కడ్డీ పాతి, మధ్యన ముతక నూలుగుడ్డ వదులుగా కట్టింది. లేచిన రాతిదుమ్ము ఆ గుడ్డ మీద పేరుకుంటుంది. వారానికోసారి ఫొటో తీస్తే, ఏడాది తిరిగేసరికి బొమ్మ దానంతట అదే తయారవుతుందని ఆమె ఆలోచన. పనిలో పనిగా కింద కూలీల ఫొటోలూ తీసేది. వాళ్లు పని ఆపి, తల సర్దుకుని నిలబడేవారు.

ఐదో వారం ఫొటోలు పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కనబడింది. మొదట్లో ఉయ్యాలలా జారివున్న గుడ్డ ఇప్పుడు ఎవరో రెండు వైపులా పట్టి లాగినట్టుంది. వాన పడింది లేదు. అక్కడే పాకలో భోజనాల హోటల్ నడిపే ఖాదర్‌బీని వెళ్లి అడిగింది.

"గుడ్డ ఎవరన్నా విప్పి కట్టారా ఖాదర్‌బీ గారూ?"

"దాని జోలికి ఎవరు పోతారమ్మా? పొద్దస్తమానం నేనిక్కడే ఉంటాగా." ఖాదర్‌బీ గొంతు తగ్గించింది. "నాలుగు రోజుల్నించి మా పాక తలుపు కూడా సరిగ్గా పడటంలా."

సూపర్‌వైజర్ అంకమ్మరావు వచ్చి చూశాడు. "బ్లాస్టింగులకి కడ్డీలు కదులుతాయి మేడమ్. రాయి కదులుద్దా?" అంటూ తన చేత్తోనే ముడి విప్పి, నాలుగు వేళ్లు వదులు చేసి కట్టాడు. "ఇదుగో, సరిపోయిందిగా. మీ బొమ్మ మీరు చూసుకోండి."

ఆమెకి సిగ్గేసింది. దుమ్ము చూసుకునే మనిషి రాళ్ల గురించి మాట్లాడటమేమిటని తనకే అనిపించింది. అయినా మర్నాటి నుంచి రోజూ స్కేలు పట్టుకుని వచ్చింది. నోటు పుస్తకంలో బొమ్మలు పోయి అంకెలు మిగిలాయి. ఆరో రోజుకి అంకమ్మరావు ఇచ్చిన వదులంతా పోయింది. వేలితో మీటితే గుడ్డ డప్పులా పలికింది.

టీ కోసం పైకొచ్చిన ప్రొక్లెయిన్ డ్రైవర్ ఎలీషాని పిలిచి చూపించింది. అతను గుడ్డ మీద అరచెయ్యి ఆనించాడు. తర్వాత రెండు కడ్డీల మధ్య నేలమీది దుమ్ముని చెప్పుతో పక్కకి నెట్టాడు. దాని కింద నాలుగు వేళ్లు పట్టేంత బీట అంచు పొడుగునా పోయి ఉంది.

ఎలీషా క్వారీలోకి దిగి, పని ఆపించి, అందర్నీ పైకి తోలుకొచ్చాడు. బీట పడిన అంచు కిందే, అవతలి మూల డ్రిల్లింగు చేస్తున్న ఇద్దరు మాత్రం రాలేదు. వారం కిందటే ఒడిశా నుంచి వచ్చినవాళ్లు. డ్రిల్లు చప్పుడులో వాళ్లకేమీ వినబడలేదు.

అంకమ్మరావు ఊగిపోతూ వచ్చాడు. "బొమ్మలామె చెప్పిందని పని ఆపుతార్రా మీరు?"

రాగసుధ అంచుకి పరిగెత్తి, "పైకి రండి, పైకి రండి" అని చేతులూపింది. ఇద్దరూ డ్రిల్లు ఆపి తలెత్తారు. పెద్దవాడికి ఆమె మొహంలో ఏం కనబడిందో, దారివైపు నడక మొదలెట్టాడు. చిన్నవాడు తలపాగా సర్దుకుని, నవ్వుతూ ఫొటోకి నిలబడ్డాడు.

వెనక గుడ్డ నిలువునా చిరిగింది. ఎలీషా ఆమె జబ్బ పట్టి వెనక్కి లాగాడు. ముందు కడ్డీ, అది పాతిన నేల, కిందికి జారిపోయాయి. దుమ్ము తగ్గేసరికి అరగంట పట్టింది.

చనిపోయిన కుర్రాడి పేరు దైతారి అని ఆమెకి ఒంగోలు ఆసుపత్రిలో తెలిసింది. చెప్పింది అతని అన్న సుదామ్, ఆ రోజు దారివైపు నడిచిన పెద్దవాడు. కాలు విరిగి మంచం మీదున్నాడు.

ఆ వారంలోనే హైదరాబాదు గ్యాలరీ వాళ్లు ఫోన్ చేశారు. చిరిగిన గుడ్డ, ఫొటోలు, దైతారిది ఏదైనా దొరికితే అది కూడా కలిపి పెడితే గొప్పగా ఉంటుందన్నారు. వాళ్ల మాట పూర్తి కానివ్వకుండా ఆమె ఫోన్ పెట్టేసింది. సుదామ్ పక్కన కూర్చుని, వచ్చీరాని హిందీలో, పైకి రండి అని మీ భాషలో ఎలా అనాలని అడిగింది. అతను "ఉపరకు ఆస" అన్నాడు. ఆమె రాసుకుంది. తర్వాత బీహారు వాళ్లనీ రాజస్థాన్ వాళ్లనీ అడిగి, వాళ్ల మాటలూ రాసుకుంది.

ఇప్పుడు ఆరు క్వారీల అంచున ఆమె గుడ్డలున్నాయి. మా దగ్గరా కట్టమని కూలీలే కబురు పెడుతున్నారు. ఎలీషా ఆదివారాలు తన మోటార్‌సైకిల్ మీద తీసుకెళ్తాడు.

మొన్న ఆదివారం ఏడోచోట కడ్డీ పాతుతుంటే ఆ క్వారీ ఓనరు జీపు వచ్చి ఆగింది. తెల్లచొక్కా మనిషి దిగాడు.

"మిమ్మల్ని ఎవరు పంపారమ్మా?"

"ఎవరూ పంపలేదండి."

అతను ఆమెనీ, ఎలీషా బండి నంబరునీ ఫోన్‌లో ఫొటో తీసుకుని, జీపెక్కి, ఇంజన్ ఆపకుండా అక్కడే కూర్చున్నాడు. రాగసుధ గుడ్డకి రెండో కొస ముడివేసి, నోటు పుస్తకం తీసి తారీఖు వేసింది.