ఒక్క కాపీ చాలు

అమ్మ నిద్ర లేచేలోపు కూతురు కంప్యూటర్ తెరిచి బ్యాకప్ పడిందో లేదో చూసుకునేది. ఆ తర్వాతే పొయ్యి మీద పాలు. జబ్బు చేసి లేచిన దగ్గర్నుంచీ అమ్మ జ్ఞాపకాలు తలలో నిలవడం మానేసి, ఆమె కుట్టుపని కొట్టు కోసం కూతురు ఎప్పుడో కట్టిన వెబ్‌సైటులో నిలుస్తున్నాయి. అమ్మ చెప్తుంది, కూతురు టైపు చేస్తుంది. మర్నాడు సైటులో ఎంతుందో అమ్మకి అంతే గుర్తుంటుంది. "తలకంటే అదే నయం" అన్నాడు డాక్టరు. పక్కింటి పిన్ని అయితే, "మీ అమ్మ నా కూర ఒక్కసారైనా మెచ్చుకున్నట్టు ఎక్కించవే, నీ సొమ్మేం పోయింది!" అని బతిమాలేది. జరగనివి ఎక్కిస్తే తెల్లారేసరికి రాలిపోతాయని పిన్నికి తెలియక కాదు, ఆశ.

సైటుకి చోటిచ్చే హోస్టింగ్ ఖాతాలో రోజూ దానంతటదే బ్యాకప్ పడేలా పెట్టింది కూతురే. మొత్తం కాపీలు ఎన్ని ఉంచాలి అని అడిగిన గడిలో ఒకటి అని కొట్టింది. అమ్మ పెంపకం మరి. పాత గుడ్డముక్కలు దాచుకుంటే బొద్దింకలచేత కాపురం పెట్టించినట్టేనని, కొత్తది రాగానే పాతది బయట పారేసే ఇల్లు అది. ఇక్కడా అంతే, కొత్త కాపీ రాగానే పాతది చెరిగిపోయేది. ఆ శుభ్రం చూసి కూతురికి ముచ్చటేసేది కూడా.

ఒక సాయంత్రం ఏదో అప్‌డేట్ నొక్కితే రాసినవన్నీ దాగుండే డేటాబేస్ మొత్తం ఖాళీ అయిపోయింది. సైటు పైకి మామూలుగానే ఉంది, అవే రంగులు, అవే జాకెట్ల ఫొటోలు. లోపల ఏమైందో చూడకుండా కూతురు పడుకుంది. తెల్లవారుజామున బ్యాకప్ తన పని తాను చేసింది. ఆ ఖాళీనే భద్రంగా దాచి, నిండుగా ఉన్న ముందటి కాపీని చెరిపేసింది.

పొద్దున అమ్మ గోడవైపు చూస్తూ కూర్చుంది. "అమ్మా, పాలు" అంటే గ్లాసు వైపు కూడా చూడలేదు.

కూతురు హోస్టింగ్ కంపెనీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసింది.

"బ్యాకప్ బాగానే పడిందండీ, తప్పులేం లేవు" అన్నాడు అవతలి మనిషి.

"అందులో మా అమ్మ లేదండీ."

"వేరేచోట కాపీ ఏమైనా దించి పెట్టుకున్నారా?"

"లేదు."

"అయితే మేం చెయ్యగలిగిందేం లేదమ్మా. మా మేనత్తది కూడా ఇలాగే పోయింది."

ఏడ్చి ఏడ్చి, అమ్మ జీవితాన్ని మళ్ళీ మొదట్నుంచీ రాయబోయింది కూతురు. అమ్మ చిన్నతనం, పెళ్ళి, మొదటి కుట్టుమిషను. తెలిసీ తెలియనివి ఊహించి ఎక్కిస్తే ఒక్కటీ తెల్లారేదాకా నిలవలేదు. ఇన్నాళ్ళూ వేళ్ళు టకటకలాడాయేగాని మనసు పెట్టి విన్నదెంత? సైటులో ఉందిగా అన్న ధీమా. సిగ్గుతో ఆమెకి తల ఎత్తబుద్ధి కాలేదు.

చివరికి తనకు నిజంగా తెలిసినవే రాసింది. అమ్మ నాకు జడ వేసేది. జ్వరమొస్తే ఒళ్ళో పడుకోబెట్టుకునేది. బడికి వెళ్ళనని నేను గుమ్మం పట్టుకుని ఏడిస్తే, నా వేళ్ళు ఒక్కొక్కటే విడదీసేది. ఇవి పొల్లుపోకుండా జరిగినవి, కాబట్టి నిలిచాయి.

పొద్దున అమ్మ తనంత తానే లేచింది. కూతుర్ని చూసి మొహమంతా నవ్వు చేసుకుంది.

"నేనెవర్నో చెప్పు?"

"మా అమ్మవి" అంది అమ్మ. "బడికి టైమవుతోంది. జడ వెయ్యవా?"

కూతురు సైటులో రాసింది మళ్ళీ తెరిచి చూసుకుంది. తను రాసినవన్నీ ఒక చిన్నపిల్ల జ్ఞాపకాలు. ఆ పిల్లే ఇప్పుడు అమ్మ తలలో లేచి కూర్చుంది. తనని కన్న మనిషి, తను పుట్టినప్పుడు ఎలా ఉండేదో చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషి, ఇక ఎక్కడా లేదు. కాదని ఇవీ చెరిపేస్తే మళ్ళీ ఆ గోడే గతి.

ముసలావిడ వీపు తిప్పి, కాళ్ళూపుకుంటూ కూర్చుంది. నెరిసిన జుట్టు పిడికెడు కూడా లేదు. దువ్వెన తగలగానే, "మెల్లిగా అమ్మా, నొప్పి" అంది.

"సరే తల్లీ" అంది కూతురు, పాయలు తీస్తూ.