ఎలిశిబా మీద తీర్పు

క్రిస్మస్ ఇంక రెండు రోజులున్నదనంగ నవోమి బరువు సంచి మోసుకొని ఎలిశిబా ఇంటికొచ్చింది. సంచిల మైదపిండి, చక్కెర, వెన్న, కిస్మిస్, ఖర్జూరాలు, గడ్డిల పెట్టి తెచ్చిన డజను కోడిగుడ్లు ఉన్నయి. వాకిట్ల నిలబడే, "అక్కా, గుడి అయ్యగారు పంపిండు. ఈ ఏడు కూడ కేకు నువ్వే చెయ్యాల్నట," అన్నది.

ఎలిశిబా బియ్యం చెరుగుతున్నది. చాట కింద పెట్టలే.

"నేను పనికి రాను గని నా కేకు పనికొస్తదా?"

"గుడికి రావద్దని ఎవరన్నరక్కా? ప్రభుబల్ల ఒక్కటే కొన్నాళ్ళు వద్దన్నరు," అని నవోమి తల దించుకున్నది.

మెదక్‌ల ఆ వాడ మొత్తానికి కేకు చెయ్యొచ్చింది ఎలిశిబా ఒక్కదానికే. పద్దెనిమిదేండ్లు ఒక తెల్ల దొరసాని బంగ్లాల వంట చేసింది. దొరసాని తన దేశం పోయినంక ఇంట్లనే ఇడ్లీలు పోసి అమ్ముకుంట బతుకుతున్నది. పెనిమిటి పోయి పదేండ్లయింది, పిల్లలు లేరు. ఉన్నదల్లా వాడల చిన్న గుడి. ఆ గుడికి ప్రతి క్రిస్మస్‌కు కేకు ఆమెనే చేసేది. ఆదివారం ప్రభుబల్ల కాడ రొట్టె, ద్రాక్షారసం అందుకునే వరసల ముందు నిలబడేది కూడ ఆమెనే. అక్టోబర్ల గుడి పెద్దలు ఐదుగురు కూసుండి ఆమెను ఆ వరసల నుంచి తీసేసిండ్రు.

దానికి కారణం అంతకు ముందు ఎండకాలంల జరిగిన సంగతి. వాడ అవతల పాడుబడ్డ దొరల గడీల నైజాం రజాకార్లు దిగిండ్రు. దొరసాని దగ్గర వండిన మనిషి ఉన్నదని ఎవరో చెప్తే తుపాకీ పట్టుకొని వచ్చి ఎలిశిబాను తోలుకపోయిండ్రు. పన్నెండు రోజులు ఆమె వాళ్ళకు వండిపెట్టింది. పొద్దున పోవుడు, పొద్దుగూకినంక వచ్చుడు. వాడోళ్ళందరు చూస్తనే ఉన్నరు. ఆ పన్నెండు రోజులల్లనే టేక్మాల్ తొవ్వల పొలం కాడ బక్కయ్యను పట్టుకొని కాల్చిండ్రు. రజాకార్ల మీద కొట్లాడే సంగం దళపోళ్ళకు బక్కయ్య తన గుడిసెల జొన్నరొట్టె పెడ్తడన్న ముచ్చట వాడల ఇద్దరు ముగ్గురికే ఎర్క.

సెప్టెంబర్ల యూనియన్ మిలిట్రీ వచ్చింది. రజాకార్లు దొరికినోళ్ళు దొరికిండ్రు, ఉరికినోళ్ళు ఉరికిండ్రు. ఇగ బక్కయ్య పేరు చెప్పిందెవరని వాడ అడుగుడు షురూ చేసింది. గడీలకు పోయి వచ్చిన మనిషి కండ్ల ముందరనే ఉన్నది. బక్కయ్య భార్య దానమ్మ గుడి ముంగట ఎలిశిబా కొప్పు పట్టి గుంజింది. "నా మొగని నెత్తురు కలిపి పెట్టినవు కదనే వాళ్ళకు అన్నంల!" అని నెత్తి బాదుకున్నది.

పెద్దలు పిలిస్తే ఎలిశిబా ఒక్కటే మాట చెప్పింది: "వండిన. ఎవ్వరి పేరూ చెప్పలే." ఆ ఐదుగురిల నవోమి పెనిమిటి, బడి పంతులు గాబ్రియేలు కూడ ఉన్నడు. ఆయన నేల చూసుకుంట కూసున్నడు. నోరు ఇప్పలే.

పంతులు ఎందుకు నోరిప్పలేదో ఎలిశిబాకు ఎర్క. పంతుల్ని కూడ రజాకార్లు పట్టుకపోయి గడీల గుర్రాల కొట్టంల కట్టేసిండ్రు. బళ్ళె ఆయన పుస్తకాల నడుమ సంగం కాయిదం దొరికిందట. మూడోనాడు ఎలిశిబా చాయ తీసుకొని కొట్టం దిక్కు పోతుంటే లోపల పంతులు ఏడుపు, ఏడుపుల బక్కయ్య పేరు, టేక్మాల్ తొవ్వ పేరు ఇనబడ్డయి.  తలుపు సందుల నుంచి పంతులు ఆమెను చూసిండు. విడిచిపెట్టినంక ఇంటికొచ్చి కాళ్ళ మీద పడ్డడు. వాచిన పాదాల మీద నిలబడరాక గోడ పట్టుకొని లేచిండు. "చెప్పకక్కా, నా పిల్లలు ఆగమైతరు," అన్నడు. చెప్పనని ఆమె మాటిచ్చింది.

ఇప్పుడు ఆయన భార్యనే పిండి సంచితోని వాకిట్ల నిలబడ్డది. వద్దని పంపిద్దామనుకున్నది ఎలిశిబా. కాని గుడ్లు, వెన్న చూసేసరికి చేతులు ఊకోలే. "లోపలికి రా," అన్నది.

నవోమి ఖర్జూరాలు గింజ తీసి కోస్తుంటే, ఎలిశిబా ఇనుప మూకుట్ల చక్కెర మాడబెట్టింది. అది నల్లగై పొగ లేస్తుంటే చటుక్కున నీళ్ళు పోసింది. పొయ్యి మీద పెద్ద డేగిసల ఇసుక పోసి కాగనిచ్చింది. తర్వాత కూసుండి వెన్న, చక్కెర చేత్తోని తిప్పుడు మొదలుపెట్టింది. ఒక్కొక్క గుడ్డు కొట్టి పోస్తున్నది, తిప్పుతున్నది.

కొంచెం సేపటికి నవోమి అన్నది: "పోయిన ఆదివారం అయ్యగారు తూప్రాన్ పోయిండు గద, మా ఇంటాయననే వాక్యం చెప్పిండు. మస్తుగ చెప్పిండక్కా."

"ఏం చెప్పిండు?"

"తీర్పు తీర్చొద్దని. తప్పుల దొరికిన ఆడామెను రాళ్ళతోని కొడ్తమని తెస్తే ప్రభువు ఏమన్నడో, గది చెప్పిండు. మందికి కండ్లల్ల నీళ్ళొచ్చినయి."

ఎలిశిబా చెయ్యి ఆగలే. "ఆ కథల రాళ్ళు పట్టుకున్నోళ్ళు రాళ్ళు కింద పడేసి పోయిండ్రు. మన గుడిల ఎవరు పడేసిండ్రే?"

"మనం తీర్పు తీర్చలేదక్కా. గుడి శుద్ధంగ ఉండాల్నని చేసిండ్రు. తప్పు చేసినోళ్ళను కొన్నాళ్ళు దూరం పెట్టాల్నని కూడ లేఖనంల ఉన్నదట. వాళ్ళు మారాల్నని, ప్రేమతోనే."

"రెండూ ఉన్నయి లేఖనంల. నా దినం వచ్చినప్పుడు దూరం పెట్టమన్నది చదివిండ్రు. ఇంకొకరి దినం వస్తే తీర్పు తీర్చొద్దన్నది చదువుతరు. ఏ దినం ఏది చదవాల్నో ఎవరు చెప్తరు నవోమీ? పంతులే చెప్తడా?"

నవోమి మైదపిండిల దాల్చిన చెక్క పొడి, సోడా ఉప్పు కలిపి జల్లెడ పట్టి ఇచ్చింది. ఎలిశిబా పండ్లు వేసింది, మాడబెట్టిన చక్కెర నీళ్ళు పోసింది, వెన్న రాసిన డబ్బాల పిండిని ఎత్తింది. డబ్బాను ఇసుకల పెట్టి, మూత మీద నిప్పులు పేర్చింది. అంతా అయినంక చేతులు కడుక్కోకనే వచ్చి నవోమి ఎదురుంగ కూసున్నది. ఏడు నెలలు కడుపుల పెట్టుకున్న మాట ఇగ ఆగలే.

"నవోమీ, బక్కయ్య పేరు చెప్పింది నేను కాదు. నీ మొగడు. నా చెవులతోని ఇన్న."

నవోమి మూకుడుకు అంటిన చక్కెర గీకుతున్నది. ఏడుస్తదనుకున్నది ఎలిశిబా, లేకుంటే మీది మీదికి వస్తదనుకున్నది. ఆమె చెంచా పక్కన పెట్టి, "నాకెర్కే అక్కా," అన్నది.

"ఎర్కనా? ఎప్పటి సంది?"

"వచ్చిన నాడే చెప్పిండు. నిద్రల కూడ అదే పేరు తలుస్తడు."

"ఎర్క ఉండి నన్ను వరసల నుంచి తీసేస్తుంటే చూసుకుంట కూసున్నవా?"

"నలుగురు పిల్లలక్కా. ఆయన నౌకరి పోతే మేం యాడికి పోవాలె? దానమ్మ తమ్ముళ్ళు ఊకుంటరా, నరికి పారేస్తరు." నవోమి చెంచా మళ్ళ అందుకొని మూకుడు గీకింది. "నీకెవరున్నరు? నీ మీద పడితే నీ ఒక్కదాని మీదనే పడతది. మా ఇంట్ల పడితే ఆరుగురి మీద పడతది. జర ఆలోచన చెయ్యి."

ఎలిశిబా ఆమె మొఖం దిక్కు చూస్తనే ఉన్నది. తిట్టినా ఇంత బాధ కాకపోవు. నవోమి ఆ మాట ఆమెను నొప్పియ్యాల్నని అనలే, లెక్క సరిగ్గనే చెప్తున్న అనుకొని అన్నది.

"ఈస్టర్‌కు అందరి ముంగట ఒప్పుకుంటే మళ్ళ ప్రభుబల్లకు తీసుకుంటమన్నడు అయ్యగారు," అన్నది నవోమి మెల్లగ.

"ఏమని ఒప్పుకోవాలె?"

 కేకు కాలేదాక ఇద్దరు చెరొక గోడకు కూసున్నరు. ఎలిశిబా చీపురు పుల్ల గుచ్చి చూసి, డబ్బా దించి, బట్టల చుట్టి ఇచ్చింది. గోధుమ రంగుల పొంగి, యాడ పగలకుండ వచ్చింది. అంత మంచి కేకు దొరసాని ఉన్నప్పుడు కూడ రాలే. నవోమి దాన్ని సంకల పెట్టుకొని పోయింది.

క్రిస్మస్ నాడు ఎలిశిబా గుడికి పోలే. పెద్ద చర్చి గంటలు, చిన్న గుడి పాటలు ఇనుకుంట ఇంట్లనే ఉన్నది. పగటి అన్నాలైనంక తెల్లచీర కట్టుకొని దానమ్మ ఇంటికి పోయింది. ఇయ్యాల మొత్తం చెప్పెయ్యాల్ననే పోయింది.

దానమ్మ అరుగు మీద బిడ్డకు జడ అల్లుతున్నది. ఎలిశిబాను చూసి లేచి నిలబడ్డది. "పండుగ పూట నా ఇంటికెందుకొచ్చినవ్?"

"దానమ్మా, నీ పెనిమిటి పేరు నేను చెప్పలే. ప్రభువు తోడు."

"మరెవరు చెప్పిండ్రు?"

ఎలిశిబా నోరు తెరిచింది. అరుగు మీద పిల్ల కొత్త పలక పట్టుకొని చూస్తున్నది. ఎలిశిబా ఆ పలక దిక్కు చూసుడు దానమ్మ కనిపెట్టి, "ఏం చూస్తున్నవ్? పంతులు కొనిచ్చిండు. నా బిడ్డను బోర్డింగు బడిల ఏస్తనన్నడు. మొగడు పోయినంక మమ్మల్ని మనుషుల లెక్క చూసింది ఆయనొక్కడే. చెప్పు, ఎవరు చెప్పిండ్రు?" అన్నది.

"నాకెర్క లేదు," అన్నది ఎలిశిబా.

"ఎర్క లేదంటే నువ్వే," అని దానమ్మ బిడ్డను లోపలికి గుంజుకొని తలుపేసింది.

ఎందుకట్ల అన్నదో తొవ్వ పొడుగుత ఎలిశిబాకు తెల్వలే. పిల్ల మీద జాలా, ఇచ్చిన మాటా, దానమ్మ తమ్ముళ్ళ భయమా? ఏదైనా గాని, పంతులు మళ్ళొకసారి బతికి బయటపడ్డడు.

జనవరిల ఆమె ఇల్లు ఇడిసిపెట్టి తూప్రాన్ పోయి ఆఫీసర్లు దిగే ముసాఫిర్ బంగ్లాల వంటకు కుదిరింది. అక్కడి చిన్న ప్రార్థన ఇంట్ల ఆమె ఎవరో ఎవరికీ తెల్వదు. మొదటి ఆదివారమే ముసలి పాస్టరు ప్రభుబల్లకు రమ్మని పిలిచిండు. "ఎవరి మీదనన్న పగ ఉంటే ఇక్కడనే ఇడిసిపెట్టి రాండ్రి," అన్నడు.

మూడు నెలల సంది ఆ రొట్టె ముక్క కోసమే ఆమె ఏడ్చింది. ఇప్పుడు అడ్డం చెప్పేటోళ్ళు ఎవరూ లేరు. పంతుల్ని తలుచుకున్నది. గోడ పట్టుకొని లేచిన మనిషిని క్షమించొచ్చు అనిపించింది. నవోమి యాదికొచ్చింది. నీకెవరున్నరు అన్న మాట యాదికొచ్చింది. ఆ ఒక్కటి ఇడిసిపెట్ట చాతకాలే.

పక్కనున్నామె లేచుకుంట, "రావా అక్కా?" అని అడిగింది.

"నువ్వు పో," అన్నది ఎలిశిబా. ఆ ఆదివారం ఆమె లేవలే. తర్వాతి ఆదివారం కూడ లేవలే.